అవ్వ ఎర్రగడ్డలకు విత్తనం ఉండదు

చిన్నాయన కూతురు టొరంటో పక్కన ఉంటుంది. పోయిన నెల ఫోన్ చేసి, "అన్నా, అవ్వ చిన్న ఎర్రగడ్డల విత్తనాలు కొన్ని పంపిస్తావా? ఇక్కడ మంచు కరిగినాక పెరట్లో వేసుకుంటాను" అని అడిగింది. నా దగ్గర విత్తనాలు లేవు. మనింట్లో ఎవరి దగ్గరా లేవు, ఎప్పుడూ లేవు. అవ్వ యాభై ఏళ్ళు ఆ ఎర్రగడ్డలు పెంచింది గానీ ఒక్క గింజ కూడా మూటకట్టి దాచింది లేదు. అదెట్లా అని చెల్లి అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను, సగంలో వాళ్ళ పాప లేచి ఏడ్చింది, మాట అక్కడికే ఆగింది. రాసి పెడితే తనతో పాటు మిగతా పిల్లలకు కూడా ఉంటుందని ఇది రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. మనింట్లో ఉల్లిపాయ అనే మాట ఎవ్వరూ వాడరు. ఎర్రగడ్డ, తెల్లగడ్డ, అంతే. నాకు బడిలో అంతా కన్నడ మీడియం కాబట్టి అక్కడ ఈరుళ్ళి, బెళ్ళుళ్ళి. ఉల్లిపాయ అన్న మాట ఆఫీసులో చేరినాక గుంటూరు కొలీగ్ నోటి నుంచి అలవాటైంది. నేను ఎర్రగడ్డ అంటే ఆయన ఇప్పటికీ నవ్వుతాడు. హుబ్బళ్ళి వైపు వాళ్ళు ఉళ్ళాగడ్డి అంటారు. అది విన్నప్పుడల్లా ఆయన ఉల్లి, మన గడ్డ కలిసి ఒకే మాట అయినట్టు అనిపిస్తుంది నాకు. అవ్వ లెక్కలో మాత్రం రెండే జాతులు: పెద్ద ఎర్రగడ్డ అంగడిది, చిన్న ఎర్రగడ్డ మనది.

"మనది" అనడానికి వెనక ఒక కథ ఉంది. ఎందుకంటే పుట్టుకతో చూస్తే అవ్వది ఆ ఎర్రగడ్డ కాదు.

అవ్వ పుట్టిన పల్లె బాగేపల్లి దగ్గర. ఆ తాలూకాలో బస్సు బోర్డులు కన్నడలో, బస్సులో మాటలు తెలుగులో. అప్పుడది కోలారు జిల్లా, 2007లో చిక్కబళ్ళాపుర జిల్లా అయింది. ఆ ప్రాంతమంతా ఇప్పుడు 'బెంగళూరు రోజ్' అంటున్న గులాబి ఎర్రగడ్డ సీమ. బెంగళూరు చుట్టుపక్కల, చిక్కబళ్ళాపుర, కోలారు నేలల్లో పండే ఈ గడ్డకు 2015లో భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది. కొంచెం చదునుగా, ముదురు గులాబి రంగులో, ఘాటుగా ఉంటుంది. పండేది ఇక్కడే అయినా తినేవాళ్ళు ఎక్కువమంది సముద్రం అవతల ఉన్నారు: మలేషియా, సింగపూర్, ఇండోనేషియా. అవ్వ వాళ్ళ నాయన ఈ పంటే పెట్టేవాడు. మంచివన్నీ బండెక్కి పోయేవి, పగిలినవీ జంట గడ్డలూ ఇంట్లో సంగటిలోకి మిగిలేవి.

ఆ గులాబి ఎర్రగడ్డ విత్తనంతో పండేది. నారు పోసి, పీకి నాటి, గడ్డ ఊరినాక కోస్తారు. విత్తనం కావాలంటే అందులో మంచి గడ్డలు ఏరి, కొన్నాళ్ళు ఆరనిచ్చి, చలికాలం మొదట్లో మళ్ళీ నేలలో పెట్టాలి. అప్పుడు కాడ లేచి, పైన తెల్లటి బంతిలాగా పూత వచ్చి, ఎండాకాలానికి నల్లటి గింజలు రాలతాయి. అంటే గింజ నుంచి గింజకు రావడానికి రెండు పంటలు పడతాయి. పైగా ఎర్రగడ్డ విత్తనం ఎక్కువ రోజులు బతకదు. మన వేడికి, తేమకు ఏడాది దాటితే మొలక సగానికి పడిపోతుంది. ఒక్క ఏడు విత్తనం చెడితే మరుసటేడు కొనుక్కోవాల్సిందే. "మా నాయన ఎర్రగడ్డ ఇత్తనం కోసం తాకట్టు పెట్టిన కమ్మలు మా అమ్మవి" అని అవ్వ ఒక్కసారి చెప్పింది. రెండోసారి అడిగితే మాట మార్చింది.

పెళ్ళయినాక అవ్వ జాలహళ్ళి వచ్చింది. తాతకు హెచ్ఎంటీలో ఉద్యోగం, కాలనీలో క్వార్టర్సు. పక్కింట్లో దిండిగల్ వైపు కుటుంబం. ఆమె పేరు అవ్వ ఎప్పుడూ చెప్పలేదు, "దిండిగల్ అమ్మ" అనే అనేది. ఈమెకు తమిళం రాదు, ఆమెకు తెలుగు రాదు, ఇద్దరికీ కన్నడం అంతంత మాత్రం. 1971లోనో 72లోనో, మా నాయన కడుపులో ఉన్నప్పుడు, దిండిగల్ అమ్మ ఒక పుల్లటి కొళంబు గిన్నెతో తెచ్చి ఇచ్చింది. అందులో చిన్న చిన్న ఎర్రగడ్డలు కోయకుండా అట్లే వేసి ఉన్నాయంట. అవ్వ కొళంబు తాగి, అడుగున మిగిలిన గడ్డలు ఒక్కొక్కటే చేత్తో తీసుకుని తినింది. మరుసటి రోజు ఆమె చెరగు నిండా పచ్చి గడ్డలు తెచ్చి, క్వార్టర్సు వెనక మట్టిలో వేలితో గుంత చేసి, ఒక గడ్డ పెట్టి, మెడ వరకూ పూడ్చి చూపించింది. తర్వాత ఒక వేలు చూపించి, ఐదు వేళ్ళు విప్పింది. ఒకటి పెడితే ఐదు.

విత్తనానికి కమ్మలు తాకట్టుపోయిన ఇంట్లో పుట్టిన మనిషికి ఆ ఐదు వేళ్ళు ఏమనిపించి ఉంటాయో నేను చాలాసార్లు ఊహించుకున్నాను.

ఈ గడ్డను ఇక్కడ మార్కెట్లో సాంబార్ ఈరుళ్ళి అంటారు, తమిళులు చిన్న వెంగాయం అంటారు. మామూలు ఎర్రగడ్డకు ఇది దగ్గరి చుట్టమే, శాస్త్రవేత్తలు రెంటినీ ఒకే జాతి కింద పెడతారు. తేడా అంతా పిలకలో ఉంది. పెద్ద ఎర్రగడ్డ నాటితే పూతకు పోతుంది. చిన్నది అడ్డంగా కోసి చూడండి, లోపల రెండు మూడు చోట్ల కళ్ళు ఉంటాయి. నేలలో పెడితే ఒక్కో కన్ను ఒక్కో పిలక వేసి, ఒక్కో పిలక అడుగున ఒక్కో గడ్డ ఊరుతుంది. అన్నీ ఒకే అడుగు పలకకు అంటుకుని గుత్తిగా వస్తాయి. పూత చాలా అరుదు. అవ్వ కుండీల్లో నేనొక్కసారి కూడా చూడలేదు. పూత లేదంటే గింజ లేదు, గింజ లేదంటే ఇంకో మొక్కతో కలవడం లేదు. కాబట్టి ప్రతి గడ్డా దాని తల్లిగడ్డకు పిల్ల అని కూడా అనలేం, తల్లిలో ముక్కే. చెల్లికి ఫోన్లో నేను చెప్పబోయింది ఇదే: అవ్వ దగ్గర విత్తనం లేకపోవడానికి కారణం ఆ మొక్క ఎప్పుడూ కొత్తగా పుట్టలేదు. 1971 నాటి మొక్కే పంచుకుంటూ పంచుకుంటూ వచ్చింది.

ఇట్లాంటి వాటిని చలి దేశాల్లో శాశ్వత ఉల్లి అంటారు. అక్కడ ఒకసారి పెడితే మంచు కింద నిద్రపోయి, వసంతంలో మళ్ళీ తానే లేస్తుంది. మన బెంగళూరులో అట్లా వదిలేస్తే ఒక్క వానాకాలం కూడా బతకదు, నేలలోనే కుళ్ళిపోతుంది. ఇక్కడ దాన్ని ఏటా పీకాలి, ఆరబెట్టాలి, వేలాడదీయాలి, వండుకోకుండా కొన్ని పక్కన పెట్టాలి, మళ్ళీ నాటాలి. శాశ్వతం అనేది ఇక్కడ మొక్కలో లేదు, ఆ కొన్నింటిని పక్కన పెట్టే చేతిలో ఉంది.

అవ్వ చేసే పద్ధతి చెప్తాను. కొన్ని నేను తర్వాత చదివి తెలుసుకున్నవి కలుపుతున్నాను.

ఏడాదికి రెండు పంటలు. అసలు పంట దీపావళి తర్వాత, వానలు వెనక్కి తగ్గినాక. కార్తీకంలో నాటితే సంక్రాంతి దాటినాక, డెబ్భై ఐదు నుంచి తొంభై రోజుల్లో వచ్చేస్తుంది. బెంగళూరు చలి దీనికి బాగా సరిపోతుంది. రెండో పంట జూన్ మొదట్లో, ఆగస్టు ఆఖరులోపల పీకేసేలాగా. దీన్ని అవ్వ పంట అనేది కాదు, "పెట్టి తీసేది" అనేది. ఎందుకంటే ఈ గడ్డలు ఫిబ్రవరి నుంచి నవంబరు దాకా అట్లే వేలాడలేవు. నాలుగైదు నెలలు దాటితే ఆగకుండా మొలకలు వస్తాయి, లేదా లోపల ఎండి తొక్క మిగులుతుంది. అందుకే మధ్యలో ఒకసారి నేల చూపించి తీయాలి. ఈ సంగతి తెలియక చాలామంది ఒక పంట బాగా తీసి, తర్వాతి ఏడు మళ్ళీ మార్కెట్‌కు పోతారు.

పీకిన వెంటనే మళ్ళీ నాటకూడదు. గడ్డకు రెండు నెలలన్నా నిద్ర ఉండాలి. తొందరపడి పెడితే కొన్ని లేస్తాయి, కొన్ని లేవవు, కుండీ మొత్తం ఎగుడుదిగుడు.

లోతైన కుండీ అక్కర్లేదు, వేర్లు పైపైనే ఉంటాయి, జానెడు మట్టి చాలు. వెడల్పు కావాలి. మనిల్లు ముప్పై నలభై సైటులో కట్టింది కాబట్టి నేల అంటూ మిగిలింది కాంపౌండ్ గోడ వెంబడి రెండడుగులే. మిగతాదంతా మేడమీద పాత టబ్బులు, పెయింట్ డబ్బాలు, తర్వాత్తర్వాత గ్రో బ్యాగులు. ఏటా నవంబరులో జీకేవీకేలో కృషి మేళా జరిగితే అవ్వకు అదే తిరునాళ్ళు, చిన్నాయన స్కూటర్ వెనక కూర్చుని పోయి సంచులు కొనుక్కుని వచ్చేది. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పేడ ఎరువు, ఒక పాలు ఇసుక. గడ్డకూ గడ్డకూ మధ్య నాలుగు వేళ్ళ వెడల్పు. మెడ బయటికి కనిపించాలి, పూర్తిగా పూడిస్తే కుళ్ళు. ఎండ రోజుకు ఆరు గంటలు లేకపోతే కాడలు పొడుగ్గా వస్తాయి, గడ్డ ఊరదు. పప్పులోకి కాడలే చాలనుకునేవాళ్ళకు అదీ మంచిదే, పెసరపప్పులో ఈ కాడలు వేస్తే వేరే ఏమీ అక్కర్లేదు.

నీళ్ళు కొంచెం కొంచెం, రోజు విడిచి రోజు. కాడల మీద వెండి గీతల్లాగా కనిపిస్తే తామర పురుగు వచ్చిందని అర్థం. అవ్వ పొద్దున్నే మంచు తడి ఆరకముందు బూడిద చల్లేది, నేను వేపనూనె కొడుతున్నాను. ఊదారంగు మచ్చలు వచ్చిన ఆకు తెంచి అవతల పారేయాలి, కంపోస్టులో వేయకూడదు. కాడలు వాటంతట అవే మెడ దగ్గర మెత్తబడి పడిపోవడం మొదలైతే నీళ్ళు ఆపేయాలి. సగానికి పైగా పడినాక, వారం పది రోజులకు పీకాలి. కడగకూడదు. కాడలతోనే నీడలో నాలుగైదు రోజులు పరిచి, తర్వాత జడలాగా అల్లి వేలాడదీయాలి. పాత వంటింట్లో పొయ్యి పైన దూలానికి వేలాడేవంట. మా చిన్నప్పుడు యుటిలిటీలో బట్టల తీగకు వేలాడేవి. స్కూల్ యూనిఫాం తీసుకోబోతే నెత్తికి తగిలేవి.

ఇక ఏవి దాచాలి అన్నది. ఇక్కడే అవ్వ గట్టి మనిషి. ఇంటికి ఎంత గొప్ప చుట్టాలు వచ్చినా దాచిన జడ మీద చెయ్యి వేయనిచ్చేది కాదు. అన్నిటికన్నా పెద్దవి దాచేది కాదు, మధ్యరకం గట్టివి దాచేది. ఎందుకో నాకు ఉద్యోగం వచ్చినాక గానీ తెలియలేదు. టెస్టింగ్‌లో పనిచేసేవాడికి ఒక అలవాటు ఉంటుంది, ఒక్కటి మాత్రం మార్చి మిగతావన్నీ అట్లే ఉంచి చూడాలనిపిస్తుంది. ఒకే మట్టి, ఒకే ఎండ, ఆరు సంచులు. రెండింటిలో పెద్దగడ్డలు, రెండింటిలో మధ్యరకం, రెండింటిలో గోటంత చిన్నవి పెట్టి సుద్దముక్కతో రాశాను. పెద్దవి ఎక్కువ పిలకలు వేసి చిన్న చిన్న గడ్డల గుంపు ఇచ్చాయి. గోటంతవి చీలకుండా ఒకటో రెండో లావు గడ్డలయ్యాయి. మధ్యవి ఐదో ఆరో, అన్నీ వంటకు పనికొచ్చే సైజు. అవ్వకు చూపిస్తే, "దీనికి ఆరు సంచులు ఖర్సు పెట్టినావా" అనింది.

ఇంకొకటి కూడా చేసేది. మొక్కలు మోకాలెత్తు కాకముందే టబ్బుల మధ్య తిరిగి, ఆకు మీద పసుపుచార లేచి ముడతలు పడినట్టున్న మొక్కను గడ్డతో సహా పీకి, ఆ రోజే కూరలో వేసేది. "ఇది ముసలిదైపోయింది" అనేది. తర్వాత చదివితే తెలిసింది, అది వయసు కాదు, వైరస్. ఉల్లిలో ఆకులు పచ్చబారి మొక్క గిడసబారిపోయే వైరస్ ఒకటి ఉంది, పేనుబంక ద్వారా పాకుతుంది. గింజతో పెంచే పంటలో ప్రతి తరం దాదాపు శుభ్రంగా మొదలవుతుంది. గడ్డతో పెంచేదాంట్లో ఒకసారి ఎక్కితే అది పిలక పిలకకూ పోతుంది, దిగదు. యాభై ఏళ్ళు ఒకే మొక్కను పంచుకుంటూ పోయేవాళ్ళకు ఇదే అసలు గండం. మందు లేదు, పీకి కూరలో వేయడమే మందు. తిన్న మనిషికి దాంతో ఏమీ కాదు.

కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ చిన్న ఉల్లిలో కో-1 నుంచి వరసగా రకాలు తెచ్చారు. అందులో కో-5 ప్రత్యేకత ఏమంటే అది పూస్తుంది, గింజ కడుతుంది. రైతుకు అది పెద్ద ఉపకారం. ఎకరాకు వందల కిలోల గడ్డలు నాటే బదులు కొద్దిపాటి గింజతో అయిపోతుంది. చెల్లీ, నీకు విత్తనమే కావాలంటే దొరికేది అది. మంచి రకమే. అవ్వది కాదు, అంతే.

2022 సంగతి చెప్పకుండా ఇది పూర్తి కాదు. ఆ ఏడు బెంగళూరులో వాన మొత్తం 1,700 మిల్లీమీటర్లు దాటింది, మామూలుగా వెయ్యికి అటూ ఇటూ ఉంటుంది. ఆగస్టు ఆఖరు, సెప్టెంబరు మొదటి వారం ఎట్లా గడిచిందో ఇక్కడున్నవాళ్ళకు గుర్తుంటుంది. బెళ్ళందూరు వైపు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోయిన ఫోటోలు మీరూ చూసుంటారు. మాకు ఇల్లు మునగలేదు. కానీ జూన్‌లో పెట్టిన పంట మొత్తం ఇంకా మేడమీదే ఉంది, కాడలు అప్పుడే వాలుతున్నాయి. పది రోజులు వాన ఆగలేదు. సంచుల్లో చెయ్యి పెడితే గడ్డలు పెరుగన్నంలాగా వేళ్ళ మధ్య జారిపోయాయి. యుటిలిటీలో వేలాడుతున్న పాత జడ ఒకటి ఉంది, ఆ గోడ కూడా తడి పట్టి, జడ అంతా నల్లటి బూజు. ఏరగా ఏరగా మూడు గట్టిగా తేలాయి. అవి నాటితే లేవలేదు.

యాభై ఏళ్ళది పది రోజుల్లో పోయింది. అప్పటికి అవ్వకు ఎనభై దాటాయి, మేడమెట్లు ఎక్కడం మానేసింది. చెప్పాలా వద్దా అని నాయనా చిన్నాయనా రెండు రోజులు మంతనాలు చేశారు. మార్కెట్ నుంచి రెండు కిలోల సాంబార్ ఎర్రగడ్డలు తెచ్చి కట్టి వేలాడదీస్తే సరిపోతుందని చిన్నాయన అన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. నేరుగా పోయి చెప్పేసింది. అవ్వ చాలాసేపు ఏమీ అనకుండా, తర్వాత వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఎవరెవరికి ఇచ్చిందో ఆ లెక్క.

దిండిగల్ అమ్మ కుటుంబం రిటైర్ అయినాక ఊరికి వెళ్ళిపోయింది, అడ్రసు లేదు. పూలమ్మే ఆమె గుడి దగ్గర ఇప్పుడు లేదు. ఒక మలయాళీ టీచరమ్మ ఇల్లు అమ్మేసింది. చివరికి రెండిళ్ళు తేలాయి. ఒకటి, రెండు వీధుల అవతల ఉండే కన్నడం ఆమె. బెల్ కొట్టి విషయం చెప్పబోతే నేను ముగించకముందే లోపలికి పోయి ఒక జడ తెచ్చింది. "ఇదు నిమ్మజ్జి ఈరుళ్ళి" అనింది. మీ అవ్వ ఎర్రగడ్డ. వాళ్ళింట్లో దాని పేరే అది, మనమ్మాయి కూడా అట్లే పిలుస్తుంది అనింది. పద్నాలుగు గడ్డలు తెంపి ఇచ్చింది. అయితే మనిషి నిజాయితీపరురాలు. ఒక పండక్కి అన్నీ వాడేసి, మళ్ళీ యశవంతపుర నుంచి కొన్ని తెచ్చి ఆ కుండీల్లోనే కలిపినట్టు గుర్తని కూడా చెప్పింది. ఏ ఏడో గుర్తులేదు. రెండోది బాగేపల్లిలో మేనత్త ఇల్లు. అత్త ఇరవై గడ్డలు బస్సులో పంపించింది. అవ్వ చేతినుంచి ఎప్పుడో 90ల్లో తీసుకున్నవే, కానీ వాళ్ళ దొడ్లో చింతామణి సంతలో కొన్న రకం కూడా ఉంది, పక్కపక్క మళ్ళే.

ఆ కార్తీకంలో రెండూ విడివిడిగా పెట్టాను. వీధివి ఒక వరస, అత్తవి ఒక వరస. పీకినప్పుడు తేడా తెలిసింది. వీధివి రాగిరంగు తొక్క, గుత్తికి ఐదారు. అత్తవి ముదురెరుపు, గుత్తికి మూడు నాలుగే, కానీ ఘాటు ఎక్కువ. రెండూ ఒకటి కాదు. అంటే కనీసం ఒకటి అవ్వది కాదు. పోల్చి చూద్దామంటే పాతది ఒక్కటీ మిగల్లేదు. ఫోటోలు వెతికాను. 2016 దీపావళి ఫోటోలో అవ్వ వెనక ఒక జడ ఉంది, పిల్లలు కాల్చిన మతాబు వెలుతురులో అన్నీ ఎర్రగానే ఉన్నాయి.

రెండు రకాలూ ఒక చేటలో వేసి అవ్వ ముందు పెట్టాను. చూపు బాగా తగ్గింది. ఒక్కొక్కటి తీసుకుని, గోటితో తొక్క గీకి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. ఏది మనదవ్వా అని అడిగాను.

"రెండూ బాగుండాయి."

"అట్ల కాదవ్వా, దిండిగల్ అమ్మ ఇచ్చిందేది?"

అవ్వ నవ్వింది. "ఆయమ్మ మాత్రం యాడ్నుంచి తెచ్చినాదనుకున్నావు? శివాజీనగర్ మార్కెట్లో కొనింది. కొళంబుకని కొనింది, మొలకొచ్చినాయని నాకు పెట్టింది."

ఈ మాట యాభై ఏళ్ళలో మనింట్లో ఎవ్వరికీ చెప్పలేదు, ఎవ్వరూ అడగలేదు కాబట్టి. నాయన పక్కనే కూర్చుని ఉన్నాడు, ఆయనకూ కొత్తే. దిండిగల్ నుంచి రైల్లో, ఆమె పుట్టింటి నుంచి వచ్చిన గడ్డలని మనమే అనుకున్నాం. నేను కూడా ఈ కథ ఆఫీసులో నలుగురికి అట్లే చెప్పి ఉన్నాను.

అయినా నేను రెండు వరసలూ కలపలేదు. ఇప్పటికీ సంచుల మీద 'వీ', 'అ' అని రాసే పెడతాను. అమ్మకు ఇది చాదస్తంలాగా ఉంటుంది, పులుసులో పడినాక రెండూ ఒకటేనంటుంది. అవ్వ 2024లో పోయింది. ఆ ఏడు పెద్దకర్మకు వచ్చినవాళ్ళకు రెండేసి గడ్డలు కట్టి ఇచ్చాం, రెండు రకాలవీ. ఎవరు నాటారో ఎవరు వండుకున్నారో అడగలేదు.

చెల్లీ, నీ సంగతి. గడ్డలు నీ బ్యాగులో పెట్టి పంపలేను. నాటడానికి పనికొచ్చే గడ్డలు కాగితాలు లేకుండా దేశం దాటకూడదు. వైరస్ గురించి పైన రాసింది చదివితే అది ఎందుకో నీకే తెలుస్తుంది. ఒకవేళ చేరినా అక్కడ సరిగ్గా రావు. ఎర్రగడ్డ గడ్డ ఊరేది పగటి పొడుగు చూసుకుని. మన బెంగళూరులో అన్నిటికన్నా పొడుగు పగలు పదమూడు గంటలు కూడా ఉండదు, ఈ గడ్డలు దానికి అలవాటు పడ్డాయి. మీకు జూన్‌లో పదిహేను గంటలు దాటుతుంది. అంత పగలు చూస్తే కాడలు పెరగకముందే ఊరడం మొదలై, శనగగింజంత గడ్డలు వస్తాయి. నీ పక్కింటి ముసలాయన ఇస్తానన్న నడిచే ఉల్లి తీసుకో. వీడియోలో నువ్వు చూపించిందే, కాడ చివర్న, పూత రావాల్సిన చోట, చిన్న చిన్న గడ్డలు గుత్తిగా ఉన్నది. ఆ బరువుకు కాడ వంగి, అడుగు దూరంలో నేలకు తగిలి, అక్కడే వేరు పట్టి, ఏటా ఒక అడుగు నడుస్తుంది. మంచుకు చావదు. నువ్వు దాన్ని చూపిస్తే అవ్వ "నెత్తిన పిల్లల్ని ఎత్తుకునుంది సూడు" అనింది, నీకు గుర్తుందా? అది ఇక్కడ పెంచాలని నాకు ఆశ, కానీ దానికి కావల్సిన చలి మనకు లేదు.

ఇక ఇక్కడి సంగతి. విద్యారణ్యపుర ఇల్లు ఉగాది తర్వాత పడగొడుతున్నారు, అందరికీ తెలిసిందే. నాలుగంతస్తులు లేస్తాయి, పై మేడ ఎవరిదన్నది ఇంకా తేలలేదు. అప్పటిదాకా మేం యలహంకలో అద్దె ఫ్లాటు. దాని బాల్కనీకి ఎండ పొద్దున పదింటికే వెళ్ళిపోతుంది, కాడలు తప్ప ఏమీ రావు. కార్తీకంలో పెట్టినవి ఇరవై రెండు సంచులున్నాయి. జనవరి ఆఖరు ఆదివారం పీకుతాం. 'వీ' జడలు రెండు మళ్ళీ ఆ రెండు వీధుల అవతలి ఇంటికే పోతాయి, ఆమె అప్పుడే తీగ కట్టి పెట్టింది. 'అ' జడలు బాగేపల్లికి. జూన్ పంట ఈ రెండు చోట్లే. మిగిలినవాటిలో పెద్దవి అమ్మ పులుసుకు తీస్తుంది, మధ్యరకం పంచుతాం. కావాల్సినవాళ్ళు సంచి తెచ్చుకోండి, ప్లాస్టిక్ కవరు వద్దు, చెమ్మ పడుతుంది. తొమ్మిదింటికల్లా వస్తే పీకడానికి మీ చేతులు కూడా పనికొస్తాయి.